ఊఁ కొట్టేవాళ్ల బరువు

మా యాప్ చచ్చిపోయిందన్న వార్త నాకు మొదట మోసుకొచ్చింది హులిగెమ్మ. వనపర్తిలో మా ఆఫీసు గోడ నిండా తెరలు ఉండేవి. ఏ సర్వర్ పడిపోయినా ఎర్రగా వెలిగి కేకలు పెట్టేలా వాటిని మేమే తయారు చేసుకున్నాం. ఆ ఉదయం అవన్నీ పచ్చగా, పెళ్లిపందిరిలా కళకళలాడుతున్నాయి. హులిగెమ్మ మాత్రం గద్వాలలో మా గడప దగ్గర పెరుగు గంప దించుకుని, చెంగుతో ముఖం తుడుచుకుంటూ చెప్పింది.

"భాగ్యక్కా, మీ మాటమూట సచ్చింది."

"సచ్చుడేందే? రాత్రి మంచిగనే ఉండె గదా."

"రాత్రి మంచిగున్నోళ్లు పొద్దుగాల సావరా? మా ఆయనకు తెల్లారంగనే మెసేజు పెట్టిన. ఇంకా గడియారం బొమ్మనే సూపెడ్తున్నది. మద్యాన్నం కల్లా గేట్లు ఎత్తుతరంట. ఆయన గడ్డ మీదున్నడు, గొర్లతోని."

మాటమూట అంటే మా మెసేజీల యాప్. గడ్డ అంటే కృష్ణ నడుమ తేలి ఉండే మెరక. ఏరు పలచగా ఉన్నన్నాళ్లూ గొర్రెలవాళ్లు మందను అక్కడికి తోలుకుపోయి వారాల తరబడి ఉంటారు. పైన గేట్లు ఎత్తితే ఆ మెరక మునుగుతుంది. సైరన్ మోగుతుంది గానీ గాలి ఎదురుగా ఉంటే గడ్డ దాకా వినపడదు. ఫోన్ కలవదు. కాస్తో కూస్తో తునక సిగ్నల్ దొరికినప్పుడు చిన్న మెసేజు మాత్రం దూరుతుంది. మా యాప్‌ను ఏటిగట్టు ఊళ్లు నెత్తిన పెట్టుకున్నది అందుకే.

"పుట్టి పడవ ఏసేటోన్ని పంపలేకపోయినవా?"

"అడగకుంట ఉంటనా? రానన్నడు. నీళ్లు అప్పుడే రంగు మారినయంట."

మధ్యాహ్నంలోగా హులిగెమ్మ మొగుడు తిమ్మప్పకు ఆ ఒక్క కబురు అందాలి. నేను ఇక్కడ రాయబోయే సర్వర్లూ, వరుసలూ, మా సారు తెలివితేటలూ అన్నీ ఆ ఒక్క కబురుకు అడ్డంపడినవే. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, వాటి కోసం తిన్న స్వీట్లు ఎక్కువ.

మగ్గంతో పోలిక తేను

మాది గద్వాల చేనేత కుటుంబం. ఈ మాట వినగానే కుర్ర ఇంజినీర్లు చెవులు రిక్కిస్తారు, పడుగు పేకల గురించి ఏదో జ్ఞానబోధ చేస్తానని. చేయను. మగ్గం మగ్గమే, సర్వర్ సర్వరే. మగ్గం మొరాయిస్తే మా నాన్న సుత్తి తెచ్చి ఒక్కటిచ్చేవాడు. సర్వర్‌కు ఆ వైద్యం పనికిరాదు. కోరిక మాత్రం చాలాసార్లు కలిగింది.

చిన్నప్పుడు కీళ్లవాపు జ్వరం వచ్చి బడికి నడవలేకపోయాను. నాన్న నేస్తూనే ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చదివించేది. పరీక్షలన్నీ ప్రైవేటుగా, డిగ్రీ దూరవిద్యలో. తరగతి గదిని పరీక్ష రోజునే చూసేదాన్ని కాబట్టి నాకు ఇప్పటికీ బెంచీ కనబడితే అరచేతులు చెమర్చుతాయి.

పొద్దుగూకాక అమ్మ కథ చెప్పేది. మేం ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. మా తమ్ముడు నిద్రపోతూ కూడా ఊఁ కొట్టే విద్య సాధించాడు. అమ్మకు అనుమానం వచ్చి "రాజు గాడిదను పెండ్లి చేసుకున్నడు" అనేది. వాడు దానికీ ఊఁ అనేవాడు. ఇద్దరికీ దండం. అమ్మ నాకు చెప్పడం నేర్పింది, తమ్ముడు నాకు నమ్మకపోవడం నేర్పాడు. సర్వర్ "అందింది" అని చెప్పినప్పుడల్లా నాకు వాడే గుర్తొచ్చేవాడు.

నా కొలువులు వరుసగా ఎస్టీడీ బూతు, ఆ తర్వాత కంప్యూటర్ సెంటరు, ఆ తర్వాత మాటమూట పెట్టిన మురళి సారు. నన్ను సర్టిఫికెట్లు అడగని మొదటి మనిషి ఆయనే. అడిగి ఉంటే ఇద్దరమూ ఇబ్బంది పడేవాళ్లం.

భక్తి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొత్త మార్పు సర్వర్ మీదకు ఎక్కించే ముందు జోగులాంబ తల్లికి మనసులో దండం పెట్టుకునేదాన్ని. నాతో పనిచేసిన నసీర్ భాయ్ బిస్మిల్లా అనేవాడు. ఇద్దరి ప్రార్థనలూ పైకి చేరాక కూడా సర్వర్ పడిపోయిన రోజులు చాలా ఉన్నాయి. తప్పు పైవాళ్లది కాదు. పరీక్షించకుండా ఎక్కించింది మేము. దేవుడు మెమరీ పెంచడు. పెంచుకోమని ముందుగానే ఏదో రకంగా చెబుతాడు, మనమే ఆ రోజు సెలవులో ఉంటాం.

మురళి సారు, ఆయన అక్షరమాల

మా ఆఫీసు వనపర్తిలో ఒక విత్తనాల దుకాణం పైన ఉండేది. వానాకాలం వచ్చిందంటే మెట్ల మీద రైతుల చెప్పులు, మెట్ల పైన మా చెప్పులు. మురళి సారు ఊరు వనపర్తే. హైదరాబాదులో కొన్నాళ్లు పనిచేసి "స్కేల్" అనే ఒక్క మాట నేర్చుకుని తిరిగొచ్చాడు. అంటే, పదిమందికి పనిచేసేది పది లక్షల మందికీ పనిచేస్తుందా అని. మంచి ప్రశ్నే. ఆయన దాన్ని కనబడిన ప్రతిదాని గురించీ అడిగేవాడు.

"నసీరూ, గీ ఉప్మా స్కేల్ అయితదా?"

"సారూ, గిది నాకే సాలలేదు."

నసీర్ భాయ్‌ది నాగర్‌కర్నూలు. ఇంజినీరింగు చదివినవాడు, నెమ్మది మనిషి. ఎంత పెద్ద మంట అంటుకున్నా ముందు చాయ్ చల్లారకుండా చూసుకునేవాడు. ఎదుటివాడు కంగారులో తప్పు బటన్ నొక్కుతున్నప్పుడు ఆ నెమ్మది ఎంత విలువైనదో నేను ఆయన్ని చూసే తెలుసుకున్నాను.

ఆ ఏడు మాటమూట ఒక్కసారిగా పాకింది. గద్వాల గట్టు ఊళ్ల నుంచి కల్వకుర్తి వైపు కాలువల మీద బతికే ఊళ్లకూ, అక్కడి నుంచి రాయచూరు వైపుకూ. మురళి సారు సంతోషం పట్టలేక కొబ్బరికాయ కొట్టాడు. ఆ వారమే సర్వర్ మూలగడం మొదలుపెట్టింది.

ముందు చేసింది అందరూ చేసేదే. ఇంకా పెద్ద సర్వర్ తీసుకున్నాం. మోయలేని గాడిదను అమ్మి ఇంకొంచెం పెద్ద గాడిదను కొన్నట్టు. అదీ కూలబడ్డాక, జనాన్ని పంచి ఒక్కొక్క సర్వర్ మీద కొందర్ని పెట్టాలని తేలింది. ఎలా పంచాలి? సారు తెల్లబోర్డు మీద అ నుంచి క్ష దాకా రాశాడు.

"పేర్ల మొదటక్షరం. సింపుల్. ఒక్కో అక్షరాల గుంపుకు ఒక్కో సర్వర్."

నసీర్ భాయ్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "సారూ, మన దిక్కు పేర్లు జర యాది చేసుకోండ్రి."

సారు యాది చేసుకోలేదు. మరుసటి రోజు పాలమూరు మొత్తం వచ్చి మూడు అక్షరాల మీద కూర్చుంది. వెంకటయ్య, వెంకటమ్మ, వెంకట్రాములు, వెంకటేశు, వీళ్లందరూ "వ" సర్వర్ మీద. నర్సింహులు, నర్సమ్మ, నాగన్న, నాగమ్మ "న" మీద. తిమ్మప్పలూ తిరుపతయ్యలూ తాయప్పలూ "త" మీద. ఆ మూడూ ఊపిరాడక కొట్టుకుంటుంటే, "ఠ" నుంచి "ణ" దాకా ఉన్న సర్వర్ హిమాలయాల్లో మునిలా కళ్లు మూసుకుని కూర్చుంది. పనిలేని సర్వర్‌కూ అద్దె కట్టాలని మాకు అప్పుడే తెలిసింది.

"గట్లయితే ఇంటిపేర్లు?" అన్నాడు సారు.

"సారూ, మా కాడ సగం మందికి ఇంటిపేరు ఫోన్ల 'మెకానిక్' అనుంటది," అన్నాడు నసీర్ భాయ్.

చివరికి ఆయనే చేశాడు. ఫోన్ నంబరును ఒక లెక్కలో పడేసి గిలకొట్టి, గవ్వలు విసిరినట్టు ఎటు పడితే అటు పంచాడు. అయితే ఈ గవ్వలు విశ్వాసమున్నవి. అదే నంబరు ఎన్నిసార్లు వేసినా అదే చోట పడుతుంది. పేరూ ఊరూ కులమూ చూడకుండా మనుషుల్ని సమంగా పంచిన లెక్క అదొక్కటే నేను చూశాను. దానికీ నా కృతజ్ఞత.

పిల్లలూ, పుస్తకంలో ఉన్న పద్ధతిని వాడండి, తప్పులేదు. కానీ దాన్ని రాసినవాడికి మీ వెంకటయ్యలు తెలియరు.

ఒక్క ఊఁ ఎంత తూగుతుంది

జనాన్ని పంచాక కొన్నాళ్లు హాయిగా ఉన్నాం. తర్వాత సర్వర్లు మళ్లీ మూలిగాయి. కొత్తగా చేరేవాళ్లు తగ్గారు, మెసేజీలు మాత్రం పుట్టలు పగిలినట్టు వస్తున్నాయి. ఏమిటవి అని చూస్తే, అన్నీ గింజంత చిన్నవి. ఒకటే అక్షరం.

ఊఁ.

మాటమూటలో మొదట్నుంచీ ఒక ప్రత్యేకత ఉంది. ఊరికో పెద్ద గ్రూపు, వెయ్యి మంది అయినా పట్టేటంత. కాలువ నీళ్లు వదిలారనో, సంతలో వేరుశనగ ధర లేచిందనో ఎవరో ఒకరు పెడతారు. ఇతర ప్రాంతాల్లో అయితే చదివి ఊరుకుంటారు. మన దగ్గర ఎదుటివాళ్లు మాట చెబితే ఊఁ అనకపోవడం అవమానం. పలకకపోతే "వీనికి కొవ్వెక్కింది" అంటారు. కాబట్టి వెయ్యి మందీ ఊఁ అంటారు.

లెక్క వేసి చూడండి. ఒకరి ఊఁ గ్రూపులోని వెయ్యి మందికీ చేరాలి. వెయ్యి మంది ఊఁ అంటే పది లక్షల మోతలు. కాలువ నీళ్లు వచ్చాయన్న ఒక్క చిన్న కబురుకు. కబురు గువ్వంత, దాని వెనక ఊఁలు ఏనుగుల మంద.

మురళి సారు ఒక ఉపాయం చెప్పాడు, అది నిజంగా మంచిదే. ఎవరైనా ఊఁ అని కొడితే ఫోన్‌లోనే యాప్ దాన్ని పట్టుకుని, మెసేజుగా పంపకుండా, కింద ఒక అంకె పెంచుతుంది. ఇంతమంది ఊఁ అన్నారు, అంతే. దాన్ని పెట్టిన రోజు సర్వర్లు ఊపిరి పీల్చుకున్నాయి, మేమూ పీల్చుకున్నాం. అది మూడు రోజుల ముచ్చట. జనానికి కోపం వచ్చింది. నా ఊఁ ఏది, నా పేరు ఏది, అంకెలో నేనెక్కడున్నానని. ఊఁ బదులు ఊ, ఊఊఁ, హూఁ, ఆఁ, హా, ఉమ్మ్ మొదలయ్యాయి. ఒక పెద్దాయన ఊఁను విడదీసి రెండు మెసేజీలుగా పంపేవాడు.

"గీ హూఁను గూడ పట్టుకుందాం," అన్నాడు సారు.

"ఎన్ని పట్టుకుంటం సారూ?" అన్నాను నేను. "తెలుగోళ్ల నోరు అక్షరమాల కన్నా పెద్దది."

ఎవరిదో ఒకరిది పట్టుకోవడం, ఇంకొకరిది తప్పించుకుపోవడం. అలా నడుస్తున్న రోజుల్లోనే ఏటికి నీళ్లొచ్చాయి.

పచ్చని తెరలు

హులిగెమ్మను లోపలికి రమ్మంటే రాలేదు. పెరుగు గంప అలాగే ఉంది. వాకిట్లో అరుగు కట్టమీద కూర్చుని ఫోన్‌ను కళ్ల ముందు పెట్టుకుంది. నేను ల్యాప్‌టాప్ తెరిచి నసీర్ భాయ్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అప్పటికి మోకాళ్ల నొప్పుల వల్ల వారంలో సగం రోజులు ఇంటి నుంచే పనిచేసేదాన్ని.

"తెరలన్ని పచ్చగ ఉన్నయి భాగ్యక్కా. ఏం పరేషాన్ లేదు."

"పచ్చగుంటే ఏం లాభం భాయ్? పొద్దుగాల పెట్టిన మెసేజు ఇంకా పోలేదు."

కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. చల్లారకముందే ఆయన చాయ్ వదిలేశాడంటే నాకు భయం వేసింది.

"అక్కా, సర్వర్లు బతికే ఉన్నయి. వరుస మాత్రం కదుల్తలేదు."

జరిగింది ఇది. ఎవరో నిరుటి గేట్ల వీడియో ఒకటి తెల్లవారుజామున పెట్టారు. ఊరూరూ దాన్ని పంచుకుంది. పంచుకున్న ప్రతిచోటా జనం ఊఊఁ, హూఁ, అయ్యో, హా. అవన్నీ ఒకే వరుసలో నిలబడ్డాయి. ఆ వరుసలో ఎక్కడో వెనక, లక్షల ఊఁల వెనక, "గేట్లు ఎత్తుతున్నరు, గొర్లను ఇడ్సిపెట్టయినా సరే జల్ది గడ్డ దిగు" అన్న హులిగెమ్మ మాట నిలబడి ఉంది. మా తెరలు సర్వర్ గుండె కొట్టుకుంటోందా అని చూసేవి. దాని చేతులు పనిచేస్తున్నాయా అని చూడలేదు.

మురళి సారు ఆఫీసులోకి పరిగెత్తుకొచ్చిన చప్పుడు స్పీకర్‌లో నాకూ వినిపించింది.

"కొత్త సర్వర్లు తీస్కుందాం! స్కేల్ చేద్దాం!"

"సారూ, అవి లేసి నిలవడే వరకు ఏరు గద్వాల దాటుతది," అన్నాడు నసీర్ భాయ్.

"అయితే బంద్ చేసి మళ్ల చాలూ చేద్దాం. వరుస ఖాళీ అయితది."

"వద్దు సారూ," అన్నాను. "ఖాళీ అయితే తిమ్మప్ప కబురు గూడ పోతది."

"తిమ్మప్ప ఎవరు?"

కట్టమీద నుంచి హులిగెమ్మ గట్టిగా అంది. "నా మొగడు సారూ! మీ వరుసల నిలబడి సస్తున్నడు!"

మురళి సారు గొంతు మారింది. "అమ్మా, నువ్వు మళ్లొక్కసారి పెట్టరాదు?"

"ఇరవై పెట్టిన సారూ. అన్నీ గడియారాలే."

నాకు కోపం ఎవరి మీద వచ్చిందో చెప్పలేను. బహుశా ఆ వీడియోకు హూఁ అన్న ప్రతి మనిషి మీదా. హులిగెమ్మ ఏడుపు గొంతుతో అంది. "ఊరోళ్ల ఊఁలు నాకెందుకక్కా? నాకు ఆయనది ఒక్కటి సాలు."

నసీర్ భాయ్ అప్పుడు అన్నాడు. "అక్కా, ఊఁలను పారేయొద్దు. పక్కకు తీసి గంపల ఏద్దాం. తర్వాత పంపొచ్చు."

"ఏది ఊఁనో ఏది కాదో ఎట్ల తెలుస్తది? మూటలు విప్పి చదువుతామా?"

ఒకరి మాటలు విప్పి చూడడం మా దగ్గర మహాపాపం. ఆ గీత మేమెవరమూ దాటలేదు, మురళి సారు కూడా.

"ఇప్పేది లేదు. తూకం చూద్దాం. ఒకటి రెండక్షరాల తూకం ఉన్నయన్ని గంపలకు. బరువున్నయి ముందుకు."

రాయడానికి కొద్ది వరుసల కోడ్. నేను తల్లికి దండం పెట్టుకున్నాను, అటువైపు నుంచి బిస్మిల్లా వినిపించింది. ఈసారి చిన్న గ్రూపు మీద ఒకసారి పరీక్షించి మరీ ఎక్కించాం. వరుస కదిలింది. ముందు నెమ్మదిగా, తర్వాత చెరువు తూము తీసినట్టు.

"పోయిందక్కా!" హులిగెమ్మ కట్ట మీద నుంచి లేచింది. "గడియారం పోయింది! టిక్కు పడ్డది!"

ఏ వస్త?

కబురు తిమ్మప్ప ఫోన్‌కు చేరింది. చూశాడా? జవాబు రావాలి. రాలేదు. హులిగెమ్మ తెర మీద వేలు రుద్దుతూనే ఉంది. వాకిట్లో ఎండ జరిగింది. ఎవరో పెరుగు అడిగి వెళ్లిపోయారు.

నేను ఓదార్చే మాటల కోసం వెతుక్కుంటున్నాను. నసీర్ భాయ్ వరుస చూసుకుంటున్నాడు. అప్పుడు మా మురళి సారు, అక్షరమాలతో మమ్మల్ని ముంచిన మనిషి, మా ఇద్దరికీ తట్టని ప్రశ్న అడిగాడు.

"ఆయన జవాబు రాస్తే ఎన్ని అక్షరాలు రాస్తడు?"

ఏటి నడుమ, చుట్టూ గొర్రెలు, చేతిలో కర్ర. అట్లాంటి మనిషి వ్యాసం రాయడు. రాస్తే ఒకటో రెండో అక్షరాలు. ఆ రెండక్షరాలను మేమే గంపలో వేశాం.

నసీర్ భాయ్ గంప తెరిచి, తిమ్మప్ప నంబరు నుంచి హులిగెమ్మకు రావలసిన దాన్ని ఒక్కదాన్నే బయటికి తీసి పంపాడు. ఆమె ఫోన్ మోగింది. నాకు చూపించింది.

వస్త.

నేను సంతోషంతో ఆమె చేయి పట్టుకున్నాను. "వస్తుండంటనే!"

హులిగెమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. ఫోన్ వంకే చూస్తోంది.

"ఏ వస్తనో అక్కా," అంది మెల్లగా. "వచ్చుడు వస్తనా, పోవుడు వస్తనా?"

బై చెప్పడం అలవాటైన పిల్లల కోసం చెబుతున్నాను. మా దగ్గర ఇల్లు కదిలే మనిషి "పోత" అనడు, అశుభం. "వస్త" అంటాడు. మళ్లీ వస్తానని. ఊరు వదిలేటప్పుడూ "వస్త", దవాఖానలో ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే తలుపు దగ్గర తిరిగి చూసి అనేదీ "వస్త". ఎదురొచ్చేవాడిదీ, సెలవు తీసుకునేవాడిదీ మాటొక్కటే. తెలుగు మీద నాకు ఎప్పుడూ ఫిర్యాదు లేదు. ఆ ఒక్క రోజే కలిగింది.

ఆటో మాట్లాడుకుని ఏటి గట్టుకు పోయాం. నా మోకాళ్ల సంగతి నేనే మర్చిపోయాను. నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. గట్టున జనం. గడ్డ మీద నుంచి మంద ఇవతలికి దిగుతోంది, లోతు తక్కువ ఉన్న వైపు నుంచి, ఒకదాని వెనక ఒకటి, మెడ దాకా నీళ్లలో. కుక్క వాటి వెనక ఈదుతోంది. తిమ్మప్ప లేడు.

హులిగెమ్మ నీళ్లలోకి దిగబోతే ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు. నేను చేయగలిగింది ఒకటే, తల్లి పేరు తలచుకోవడం. ఏ కోరికా కోరలేదు.

అప్పుడు గడ్డ చివర నుంచి ఒక ఆకారం కదిలింది. మనిషి మీద మనిషి. తిమ్మప్ప ఎవరో ముసలాయన్ని వీపున వేసుకుని నడుములోతు నీళ్లలో కాలు వెతుక్కుంటూ వస్తున్నాడు. గట్టు మీదివాళ్లు తాడు విసిరారు.

ఒడ్డు ఎక్కగానే హులిగెమ్మ ముందు అతని చెంప నిమిరింది, తర్వాత అదే చెంప మీద ఒక్కటేసింది.

"వస్త అని రాస్తవా? రెండక్షరాలు ఎక్కువ రాస్తే వేళ్లు అరుగుతయా?"

తిమ్మప్పకు ఏమీ అర్థం కాలేదు. "వస్త అంటే వస్తనే గదనే. ఇంకేమనాలె?"

"యాడ సచ్చినవ్ మరి ఇంతసేపు?"

"సుంకన్న తాత తోక కాడ పండుకున్నడు. ఆయనకెవరు సెప్తరు?"

అందరికీ అంటే

సుంకన్న చేపలు పట్టే ముసలాయన. గడ్డ చివరన, తోక అంటారు, టార్పాలిన్ పరదా కింద ఒక్కడే ఉండేవాడు. ఫోన్ లేదు, ఎప్పుడూ లేదు. గట్టున దించగానే ఆయన తడి గడ్డం పిండుకుంటూ మొదట అన్నమాట, "నా వల ఆడనే ఉన్నది." తిమ్మప్పకు కొన్ని గొర్రెలు పోయాయి. ఆ సంగతి అతనెప్పుడూ పెద్దగా ఎత్తలేదు.

మర్నాడు మా ఆఫీసులో లెక్క తీశాం. గడ్డ మీద ఉన్న ప్రతి ఫోన్‌కూ కబురు చేరింది. మురళి సారు గర్వంగా చదివాడు, "అందరికి అందింది."

"సుంకన్నకు?" అన్నాను.

"ఆయన మన దాంట్ల లేడు గదా భాగ్యమ్మా."

అని ఆయనే ఆగిపోయాడు. కాగితం బల్ల మీద బోర్లా పెట్టాడు.

తర్వాత చేసిన మార్పుల గురించి మీ పుస్తకాల్లో చాలా గొప్పగా రాస్తారు, నేను చిన్నగా చెబుతాను. ఊఁ ఇక గ్రూపులో అందరికీ పోదు. చెప్పినవాళ్లకు మాత్రమే పోతుంది. అమ్మ కథ చెబితే మా ఊఁ అమ్మకే గదా, పక్కింటివాళ్లకు కాదు. పది లక్షల మోతలు ఒక్క దెబ్బకు వెయ్యికి దిగాయి. ఎవరి ఊఁ వాళ్ల పేరుతోనే ఉంది కాబట్టి జనం కోపమూ తగ్గింది. ప్రమాదం కబుర్లకు వేరే వరుస పెట్టాం, దానిలోకి ఇంకేదీ చొరబడదు. గోడ మీది తెరలు ఇప్పుడు సర్వర్ గుండెను కాకుండా గడియారం బొమ్మలను చూస్తాయి. అంటే హులిగెమ్మ చూసేదే చూస్తాయి.

ఇంకొకటి కూడా చేశాం. ప్రమాదం కబురు ఏది వచ్చినా దాని కింద ఒక పంక్తి ఉంటుంది. "పక్కన ఫోన్ లేనోళ్లకు చెప్పుండ్రి." దాన్ని ఎలా కొలవాలో తెలియదు, ఎంతమంది చెప్పారో తెలియదు, ఏ తెర మీదా అది కనబడదు. మురళి సారు అలవాటు మానలేక అడిగాడు.

"పక్కనోనికి చెప్పుడు స్కేల్ అయితదా?"

నసీర్ భాయ్ చాయ్ ఊదుకుంటూ అన్నాడు. "సారూ, లోకంల అన్నిటికన్న ముందు స్కేల్ అయింది గదే."

సారు ఒక ఫోన్ కొని సుంకన్నకు తానే ఇచ్చి వచ్చాడు. మంచి మనసుతోనే. సుంకన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది మోగితే చేపలు బెదుర్తయి సారూ" అని తిరిగి చేతిలో పెట్టాడు. "నాకు తిమ్మప్ప ఉన్నడు లే" అన్నాడు. కొన్నేళ్లు అలాగే బతికాడు, ఫోన్ లేకుండానే పోయాడు. ఆయన పోయిన కబురును మాటమూటలో హులిగెమ్మ పెట్టింది. ఆ ఉదయం మా సర్వర్లు ఏమాత్రం మూలగలేదు.

నన్ను నిలబెట్టినవాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను. మా నాన్నకు, అమ్మకు, నసీర్ భాయ్‌కి, ప్రశ్న అడగడం మానని మురళి సారుకు, పెరుగు గంప దించి నిజం చెప్పిన హులిగెమ్మకు, అన్నిటికీ పైన జోగులాంబ తల్లికి. వాళ్లను నేను గుర్తుపెట్టుకుంటాను, అది నా పని. మీరు వాళ్లను గానీ నన్ను గానీ గుర్తుపెట్టుకోనక్కర లేదు.

మీరు రేపు కోట్ల మందికి పనిచేసే దాన్ని కడతారు. ఏదో ఒక ఉదయం తెరలన్నీ పచ్చగా ఉంటాయి, మీ పైవాళ్లు "అందరికీ అందిందా?" అని అడుగుతారు, మీరు అందిందని చెప్పబోతారు. నోరు తెరిచే ముందు సుంకన్నను ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఏటి నడుమ, తోక కాడ, పరదా కింద వల పక్కన నిద్రపోతున్న ముసలాయన్ని.